పిన్ని ఇల్లు ఉండగా డార్మ్ ఎందుకు?

వైట్‌ఫీల్డ్‌లో తమ్ముడి దగ్గర మా అమ్మ ఉంటుంది. ఏటా ఎండాకాలంలో ఆవిడ కోసం అమెరికా నుంచి బెంగళూరు వచ్చి ఆరు వారాలుంటాను. ఈసారి దిగిన రెండో రోజే కింది ఫ్లోర్ నెల్లూరు వాళ్లు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయికి అమెరికాలో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో బ్యాచిలర్స్ సీటొచ్చింది. మొదటి ఏడాది పిల్లలు క్యాంపస్‌లోనే, అంటే డార్మ్ అనే యూనివర్సిటీ హాస్టల్లోనే, ఉండి తీరాలన్న మెయిల్‌ని ప్రింటు తీసి పట్టుకొచ్చింది వాళ్లమ్మ.

"ఇరవై నిమిషాల దూరంలో మా చెల్లెలుందక్కా. ఇంట్లో రెండు గదులు ఖాళీ. సొంత పిన్ని ఉండగా పిల్ల హాస్టల్లో ఎందుకు పడుండాలి? ఏదో ఒక లెటర్ పెట్టి తప్పించలేమా?"

ఇదే ప్రశ్న ఈ అపార్ట్‌మెంట్‌లోనే మూడేళ్లుగా వింటున్నాను. ఆ రోజు వాళ్లకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అమెరికా చదువంటే మనవాళ్లకు బాగా తెలిసింది ఎమ్మెస్. నేనూ 1998లో అలా వెళ్లినదాన్నే. రెండు బెడ్‌రూముల ఇంట్లో ఐదుగురం, వంటకు వంతులు, అద్దె ఐదు వాటాలు. మారతహళ్లిలో పీజీ హాస్టల్ వెతుక్కున్నట్టు అక్కడా వెతుక్కోవచ్చన్న ధీమా అక్కణ్నుంచి వచ్చిందే. క్యాంపస్‌లోనే ఉండాలన్న ఈ రూలు ఎమ్మెస్ వాళ్లకు లేదు. పన్నెండో తరగతి అయ్యాక నేరుగా వెళ్లే పిల్లలకే. అది కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. యేల్‌లో రెండేళ్లు, డ్యూక్‌లో మూడేళ్లు క్యాంపస్‌లో ఉండాలి. ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్‌లో మొదటి ఏడాది యూనివర్సిటీ హాల్స్‌లో ఉండొచ్చు, లేదా యూనివర్సిటీ సర్టిఫై చేసిన ప్రైవేటు వసతిలో ఉండొచ్చు. టెక్సస్ ఆస్టిన్‌లో, బర్కిలీలో ఆ నిర్బంధమే లేదు. అందుకని పక్కింటివాళ్ల అబ్బాయికి ఏం జరిగిందో అడక్కండి, మీ పిల్లకు సీటిచ్చిన యూనివర్సిటీ హౌసింగ్ పేజీ చదవండి.

మినహాయింపులు ఉంటాయి. పెళ్లయినవాళ్లకు, పిల్లలున్నవాళ్లకు, కొంత వయసు దాటినవాళ్లకు, ఆరోగ్య కారణం చూపించగలిగినవాళ్లకు ఇస్తారు. ఇన్ని మైళ్ల లోపు తల్లిదండ్రుల ఇంట్లోనో, చట్టప్రకారం గార్డియన్ అయినవాళ్ల ఇంట్లోనో ఉంటే ఇస్తారు. మనకు పిన్ని అమ్మతో సమానం. ఆ ఫారంలో మాత్రం చాలాచోట్ల ఆమె బంధువు, అంతే. గార్డియన్ అని ఉత్తుత్తి లెటర్ రాయించాలని దయచేసి చూడకండి. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్లిన పిల్ల ఎక్కడ ఉంటోందో ఆ అడ్రసు రికార్డులో నిజంగా ఉండాలి, మారితే పది రోజుల్లో చెప్పాలి. అబద్ధంతో మొదలుపెట్టే చదువు పిల్ల నెత్తిన బరువవుతుంది.

"డబ్బు కోసమే కదండీ ఇదంతా?" అన్నాడు వాళ్ల నాన్న. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆ బిల్డింగులు చాలావరకు బాండ్లు అమ్మి, అప్పు తెచ్చి కట్టినవి. గదులు నిండితేనే అప్పు తీరుతుంది. సౌత్ డకోటా యూనివర్సిటీ మీద పిల్లలు ఇదే వాదనతో కోర్టుకెళ్లారు. కింది కోర్టు వాళ్లవైపు చెప్పింది. 1974లో అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసి, పిల్లల చదువుకు మేలన్న కారణం కూడా ఉంది కాబట్టి రూలు చెల్లుతుందంది. ఎమ్ఐటీ దారి వేరు. 1997లో మొదటి ఏడాది కుర్రాడొకడు ఫ్రెటర్నిటీ హౌస్‌లో (విద్యార్థి క్లబ్బు కుర్రాళ్లు కలిసి ఉండే ఇల్లు) తాగుడు ఎక్కువై చనిపోయాడు. 2002 నుంచి అక్కడ మొదటి ఏడాది వాళ్లంతా డార్మ్‌లోనే ఉండాలని పెట్టారు. ఖర్చు సంగతికొస్తే, గదికీ తిండికీ కలిపి ఏడాదికి 12,000 డాలర్లు దాటడం మామూలే. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారంలో లివింగ్ ఎక్స్‌పెన్సెస్ అని ఉన్న అంకెలో ఇది కలిసే ఉంటుంది, కొత్తగా నెత్తిన పడేదేం కాదు.

నేను డార్మ్ వైపు ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం మా పెద్దాడు. వాడి యూనివర్సిటీ మా ఊళ్లోనే, ఇంటి నుంచి పాతిక నిమిషాలు. తల్లిదండ్రుల ఇల్లు దగ్గరే కాబట్టి మినహాయింపు అడిగాం, ఇచ్చారు. డబ్బు మిగిలింది, బిడ్డ కళ్లెదుటే ఉన్నాడు, రోజూ ఇంటి అన్నం తింటున్నాడని పొంగిపోయాను. సెమిస్టర్ మొదలై ఏడు వారాలైంది. ఒకరోజు లాప్‌టాప్ చార్జర్ మరిచిపోయాడని పట్టుకెళ్లాను. ఫోన్ తీయలేదు. పార్కింగ్ బిల్డింగ్ మూడో అంతస్తులో మా కారు కనిపించింది. అద్దాలు ఎత్తేసి, ముందు సీట్లో ఒక్కడే కూర్చుని నేను పెట్టిన పులిహోర తింటున్నాడు. రోజూ అక్కడేనట. క్యాంటీన్‌లో ఎవరితో కూర్చోవాలో తెలియలేదన్నాడు. ప్రాబ్లమ్ సెట్లు, అంటే హోంవర్కు లెక్కలు, అందరూ రాత్రి తొమ్మిదికి డార్మ్ లౌంజ్‌లో కూర్చుని కలిసి చేస్తారు, వీడు ఐదింటికే బయల్దేరి ఇంటికొచ్చేస్తాడు. రెండో ఏడాది డార్మ్ అడిగితే కొత్తవాళ్లకే ముందన్నారు, గది దొరకలేదు. వాడు నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. ఆ కారు అద్దం మాత్రం నాకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

కన్నవాళ్లం, అదే ఊళ్లో ఉన్న మాకే ఇలా అయింది. ఇక పిన్ని ఇంటి నుంచి, కారు లేని, ఊరు తెలియని పిల్ల రోజూ ఎలా తిరుగుతుంది? పిన్నీ బాబాయీ ఆఫీసులకెళ్తారు. రాత్రి పదింటికి లైబ్రరీ నుంచి తీసుకురమ్మని అడగడానికి మొహమాటపడి పిల్ల లైబ్రరీకి వెళ్లడమే మానేస్తుంది.

డార్మ్ అనగానే విజయవాడ, హైదరాబాద్ ఇంటర్ హాస్టళ్లు గుర్తొస్తాయి మనకు. స్టడీ అవర్లు, వార్డెన్, అవుటింగ్ చీటీ. అవేం ఉండవు. ఫ్లోర్‌కో సీనియర్ విద్యార్థి ఉంటారు, ఆర్ఏ అంటారు. తలుపు తాళం పోయినా, రూమ్మేట్‌తో పేచీ వచ్చినా వాళ్ల దగ్గరికే. (తర్వాతి ఏళ్లలో మీ అమ్మాయీ ఆ పనికి అప్లై చేసుకోవచ్చు. చాలాచోట్ల గది ఉచితం.) "అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే బిల్డింగా?" అని వాళ్ల నాన్న నెమ్మదిగా అడిగాడు. చాలావాటిలో అవును. గదులు, కొన్నిచోట్ల ఫ్లోర్లు వేరు. అమ్మాయిలకే ప్రత్యేకమైన ఫ్లోర్ కావాలంటే ఉందేమో ఫారంలో చూసి అడగండి, తప్పులేదు.

తిండి గురించి దాచను. డార్మ్‌తో మీల్ ప్లాన్ (ముందే డబ్బు కట్టే భోజనాల లెక్క) దాదాపు తప్పనిసరి. శాకాహారులకు మొదటి నెల కష్టమే, బీన్స్, పాస్తా, సలాడ్‌తో విసుగొస్తుంది. పెద్ద ప్లాన్ తీసుకోకండి, మిగిలిన భోజనాలు వృథా అవుతాయి. గదిలో రైస్ కుక్కర్ చాలాచోట్ల నిషేధం, ఫ్లోర్‌లో ఉమ్మడి వంటగది ఉంటే అక్కడే వండుకోవాలి. పోపు పెట్టేముందు ఎగ్జాస్ట్ వేయాలి, లేకపోతే పొగకి అలారం మోగి బిల్డింగంతా రోడ్డు మీదికొస్తుంది. అగరుబత్తి, దీపం కుదరవు. పూజకు బ్యాటరీ దీపం సర్దండి.

పిన్ని ఇల్లు నిజంగా ఆదుకునేది డిసెంబర్‌లో. సెమిస్టర్ అయ్యాక నెల రోజులు చాలా హాల్స్ మూసేస్తారు. ఆ నెల ఎక్కడుండాలో ముందే అనుకోకపోతే మంచులో సూట్‌కేసుతో నిలబడాలి. సెలవులకి, పండగకి, జ్వరం తగిలినప్పుడు రసం అన్నానికి పిన్ని ఉండనే ఉంది.

ఇంకొకటి, ఇది తల్లిదండ్రులకే. హౌసింగ్ ఆఫీసుకి మీరు ఫోన్ చేసి ఆరా తీయకండి. పిల్లల రికార్డుల మీద హక్కు పిల్లలదేనని అక్కడ 1974 నుంచి చట్టం ఉంది. ఫీజు కట్టేది మీరే అయినా, మెయిల్ రాయాల్సింది ఆ అమ్మాయే.

ఆ సాయంత్రం మా డైనింగ్ టేబుల్ దగ్గరే అమ్మాయి హౌసింగ్ ఫారం తెరిచింది. రూమ్మేట్‌ని కుదర్చడానికి అడిగే ప్రశ్నలు. రాత్రి ఎన్నింటికి పడుకుంటారు? "పదింటికి అని పెట్టు," అంది వాళ్లమ్మ. పిల్ల ఒక్క క్షణం ఆగి, "నేను పడుకునేది ఒంటిగంటకమ్మా," అని అదే నొక్కింది. గది శుభ్రత గురించి అడిగితే మామూలు అని పెట్టింది. గదికి స్నేహితుల్ని రానిస్తారా అంటే సరేనంది. వాళ్లమ్మ ఇంకేం మాట్లాడలేదు. అన్నీ అయి పిల్ల సబ్మిట్ నొక్కాక, వాళ్లమ్మ నా వైపు తిరిగి అడిగింది.

"మంచం కొలత ఎంతుంటుందక్కా?"

వెడల్పు 39 అంగుళాలు, పొడవు 80, ట్విన్ ఎక్సెల్ అంటారని చెప్పాను. ఎలాస్టిక్ షీటు అక్కడే కొనుక్కోమని, కప్పుకునే దుప్పటి మాత్రం ఇంట్లో వాడిందే పంపమని చెప్పాను.