సమాధానం: మొదటి మరణం చూసి భయపడిన విద్యార్థిని గురించి

మేడమ్, వార్డులో మొదటిసారి మరణం చూసిన మీ నర్సింగ్ థర్డ్ ఇయర్ అమ్మాయి మళ్లీ డ్యూటీకి రానంటోందని, ఏం చెప్పాలని అడిగారు. ముందు ఏమీ చెప్పకండి. టీ ఇప్పించి, ఆ రాత్రి జరిగిందంతా తననే చెప్పనివ్వండి.

నేను చూసినంతలో విద్యార్థినులు ఎక్కువగా జడిసేది చనిపోయే ముందు రోగి గొంతులో వచ్చే గురగురకే. ఊపిరాడక విలవిల్లాడుతున్నారనుకుంటారు. అది మింగలేక గొంతులో నిలిచిన స్రావాల చప్పుడు. అప్పటికి రోగికి సాధారణంగా స్పృహ ఉండదు. పక్కకు తిప్పి పడుకోబెడితే చాలాసార్లు తగ్గుతుంది. శ్వాస ఆగి ఆగి రావడం, కాళ్లు చల్లబడటం కూడా ముందే చెప్పి ఉంచాలి. మన సిలబస్ హడావిడిలో ఇదే జారిపోతుంది.

బంధువులతో మాటలు రోల్ ప్లేలో చేయించండి. "సిస్టర్, తులసి నీళ్లు పోయొచ్చా?" అంటారు. పాతబస్తీ ముస్లింలయితే మక్కా నుంచి తెచ్చిన జమ్ జమ్ నీళ్లు. వద్దని కసరకూడదు. చెంచాతో పోస్తే పొలమారుతుంది కాబట్టి, తడి దూదితో పెదవులకు అద్దమనాలి.

వీలైతే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి పాలియేటివ్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే) విభాగంలో పోస్టింగ్ అడగండి. మొదటి రోజు మాత్రం మీరూ పక్కనే ఉండండి.