మన గల్లీ ముచ్చట్లు: మీరు అడిగిన్రు, మేం చెప్తున్నం

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల మూడు తీసుకున్న. మొదటిదానికే సగం పేజీ పోయింది, ఏమనుకోకుండ్రి, చెత్త ముచ్చటంటే నేను ఆగను.

ప్రశ్న: మా కాలనీల నలభై ఇండ్లు. పార్కు మూలకు ఇటుకల తొట్టి కట్టి తడి చెత్తతోటి ఎరువు చేద్దామని మొదలువెట్టినం. నెల దాటింది, ఒకటే వాసన, ఈగలు, తెల్ల పురుగులు. పక్కింటాయన రోజూ లొల్లి, తీసెయ్యమంటున్నడు. ఏం తప్పు చేసినం?
(ఒక పాఠకురాలు, హన్మకొండ)

జవాబు: అక్కా, తీసెయ్యకుండ్రి. కానీ ఆయన మీద కోపం కూడ పెట్టుకోకుండ్రి, ముక్కు ఆయనది కదా. వాసనొస్తుందంటే లోపటికి గాలి పోతలేదు, నీళ్లెక్కువైనయి, అంతే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, చాయ్‌పత్తి ఇవన్నిట్ల ఉండేది ఎక్కువ నీళ్లే, నలభై ఇండ్లది తెచ్చి ఒకదాని మీద ఒకటి పోసుకుంట పోతే అడుగున కుళ్లుతది గని ఎరువెట్ల అయితది. దీనికి బజార్ల మందు కొనే పని లేదు, మీ పార్కులనే ఉంది. పొద్దుగాల ఊడ్చి ఒక మూలకు కుప్పవోసి అగ్గివెడతరు సూడుండ్రి, ఆ వేపాకు, కానుగాకు, అదే మందు. ఒక బకెట్ తడి చెత్త పడ్డదంటే దాని మీద రెండు బకెట్ల ఎండుటాకు పడాలె. ముందు ఇప్పుడున్నదంత బయటికి గుంజి, ఆకు కలిపి, మళ్ల వెయ్యుండ్రి. ఆ ఒక్కరోజు వాసన ఘోరంగ ఉంటది, పక్కింటాయనకు ముందే చెప్పి చెయ్యుండ్రి, ఆయన ఊరికి పోయిన రోజైతే ఇంకా మంచిది.

తర్వాత వారానికోసారి తిప్పాలె. నీళ్లు సరిపోయినయా లేదా తెలుసుకోవాలంటే పిడికెడు తీసి గట్టిగ పిండుండ్రి, ఒకటి రెండు చుక్కలొస్తే సరిపోయినట్టు, ధార కారితే ఇంకింత ఆకు, పొడిపొడి రాలితే జర నీళ్లు సల్లుండ్రి. ఇంకోటి, ఇనుప చువ్వ నడుమల గుచ్చి ఐదు నిమిషాలాగి తీసి పట్టుకోండి, వెచ్చగ తగిలితే లోపట పని నడుస్తున్నట్టే. పుల్లవడ్డ సల్ల ఉంటే నీళ్లు కలిపి పైన సల్లితే మొదట్ల జర ఊపొస్తది. తెల్ల పురుగులు ఈగ పిల్లలు, ఎవర్నీ ఏం చెయ్యవు, పైన ఆకు మందంగ కప్పితే అవే తగ్గుతయి. వానాకాలం పైన రేకో తాడిపత్రో ఉండాలె. ఆదివారం నాటి బొక్కలు, చేప ముండ్లు మాత్రం వద్దే వద్దు, కుక్కలు తొట్టినే పీకి పారేస్తయి. ఇట్ల చేస్తే రెండు నెలల్ల అడుగున నల్లటి మట్టి తయారైతది, తొలకరి వాన పడ్డ మట్టి వాసనొస్తది దానికి.

ఇంకో సంగతి మీరు రాయలేదు గని నాకు అనుమానం. తొట్టికి ఎవరు పెద్ద? అందరిదీ అంటే ఎవరిదీ కాదు. గీసుగొండ మండలం గంగదేవిపల్లి పేరు మీరు విన్నరు, 2007ల నిర్మల్ గ్రామ్ పురస్కారం తెచ్చుకున్న ఊరు, అక్కడ నీళ్లకొక కమిటీ, శుభ్రతకొక కమిటీ, ఒక్కో పనికి అడిగేటోళ్లు ఉంటరు. 2012 అక్టోబర్ల మన వరంగల్లనే క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ అని వారం రోజులు జరిగింది, వేరే మున్సిపాలిటీలోళ్లు కూడ వచ్చి ఇల్లిల్లు తిరిగి తడి, పొడి వేర్వేరు తీసుకున్నరు, జనం ఇచ్చిన్రు కూడ. వారం పని వారంల అయితది, కష్టమల్ల తర్వాతి సోమవారం నుంచే. వారానికి ఇద్దరు చొప్పున పేర్లు రాసి తొట్టి మీదనే అతికియ్యుండ్రి, ఫోన్ గ్రూపుల పెడితే ఎవరూ సూడరు, దండం బొమ్మ పెట్టి ఊకుంటరు.

ప్రశ్న: రెండేండ్ల కింద ఇంట్ల ఇంకుడు గుంత తవ్వించిన. అయినా ఎండాకాలం బోరు ఎండుతనే ఉంది. పైసలు దండుగనా?
(ఒక పాఠకుడు, నర్సంపేట)

జవాబు: దండుగ కాదు తమ్మీ. 200 గజాల స్లాబు మీద ఒక్క సెంటీమీటరు వాన పడ్డా 1,600 లీటర్ల పైన నీళ్లు, అవి మోరిల పోకుండ ఆపినవు కదా. కానీ మన నేల కింద ఉన్నది బండ, నీళ్లు ఆ బండ పగుళ్లల్లనుంచే నడుస్తయి, నీ గుంతల దిగింది నీ బోరుకే రావాలని రూలేం లేదు, పక్కింటోళ్ల బోరుకు పోవచ్చు. అందుకే గల్లీల అందరూ తవ్వాలని మొత్తుకునేది.

ముందు మూత తీసి సూడు. పెద్ద కంకర కింద, సన్న కంకర నడుమ, దొడ్డు ఇసుక పైన ఉండాలె, కొందరు మేస్త్రీలు మిగిలిన సిమెంటు పెళ్లలు పోసి మూసేసి పోతరు. ఇసుక మీద మెత్తటి మట్టి పొర కట్టిందంటే చుక్క దిగది, మృగశిర రాకముందే పై ఇసుక తీసి కడిగి మళ్ల పొయ్యాలె. మొదటి వానకు స్లాబు మీది దుమ్ము నీళ్లు బయటికి పోనియ్యి. సెప్టిక్ ట్యాంక్ పక్కన ఉంటే మాత్రం ఆ గుంత మూసి దూరంగ ఇంకోటి తవ్వు.

నువ్వు పాకాల పక్కనే ఉన్నవు, నీకు నేను చెప్పాల్నా. కాకతీయుల నాటి ఆ చెరువు కంటే పెద్ద ఇంకుడు గుంత ఏముంటది. పైచెరువు నిండితే మత్తడి దుంకి కిందిచెరువుకు, అది నిండితే ఇంకో కిందికి, గొలుసుకట్టు అంటే అదే. ఆ గొలుసుల నడుమ ఇండ్లు కట్టి, నాలాలు ఇరుకు చేసినంకనే 2023 జులైల హన్మకొండ కాలనీల్లకు నీళ్లొచ్చినయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డది. గుంత తవ్వుడుతోపాటు మీ దగ్గరి చెరువుకు నీళ్లొచ్చే వాగు ఎవరన్న పూడుస్తున్నరా అని కూడ ఓ కన్నెయ్యి.

ప్రశ్న: బతుకమ్మలు చెరువుల వేస్తే చెరువు ఖరాబైతదని మా పిల్లలు వాదిస్తున్నరు. నిజమేనా?
(ఒక అమ్మ, పరకాల)

జవాబు: తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పూలు, అన్నీ నీళ్లల్ల కలిసిపొయ్యేటియే అమ్మా. మన పండుగే చెరువు పండుగ. పిల్లలు పూర్తిగ తప్పు కూడ కాదు, గునుగుకు వేసే రసాయనం రంగులు, ప్లాస్టిక్ ప్లేట్లు, అగర్బత్తి కవర్లు పోతున్నయి కదా లోపటికి. తెల్ల గునుగు తెల్లగనే పేర్చుండ్రి, ఎంత బాగుంటదో. సిబ్బిల పేర్చి, నీళ్లల్ల వదిలినంక సిబ్బి ఇంటికి తెచ్చుకోండి. ఇక పూలు కూడ ఒక్కతాన కుప్పవడి కుళ్లితే నీళ్లల్ల గాలి తగ్గి చేపలు చస్తయి, అందుకని సద్దుల తెల్లారి పిల్లల్నే తీస్కపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పూలను తీపియ్యుండ్రి. అవి ఎక్కడ వెయ్యాలె అనుకుంటే పైన హన్మకొండ అక్కకు రాసింది మళ్లోసారి సదువుండ్రి, ఒకవంతు పూలకు రెండువంతుల ఎండుటాకు.