పాతకాలపు చర్చి సంగీతానికీ ఇప్పటి ఆర్కెస్ట్రా రచనలకీ నిజంగా సంబంధం ఉందా, లేక ఊరికే చెబుతారా?

ఉంది. ట్యూన్లు తెచ్చుకోవడం చిన్న విషయం; అసలు అప్పు తెచ్చుకున్నది సంగీతాన్ని కట్టే పద్ధతిని.

ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పార్ట్‌నే తీసుకోండి. మొదట్లో ఆధునిక పద్ధతుల్లోనే రాసేవాడు. 1968 తర్వాత దాదాపు రాయడం మానేసి, కొన్నేళ్లు గ్రెగోరియన్ గానం (పాతకాలపు చర్చిలో అందరూ ఒకే వరసలో పాడే పాట), మధ్యయుగపు బహుగళ సంగీతం (ఒకేసారి వేర్వేరు వరసలు పాడేది) చదువుకుంటూ కూర్చున్నాడు. 1977లో ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ స్మృతిలో ‘కాంటస్’ రాశాడు. వాద్యాలు తీగలవి, ఒక్క గంట, అంతే. స్వరాలు చూస్తే ఎ మైనర్ స్కేలు (ఒక పాశ్చాత్య స్వరవరస) కిందికి దిగడమే. కానీ ఫస్ట్ వయొలిన్లు వాయించేదాన్నే సెకండ్ వయొలిన్లు ఒక స్థాయి కింద, సగం వేగంతో వాయిస్తాయి. వయోలాలు అందులో సగం, చెల్లోలు ఇంకా సగం. చివర్న డబుల్ బాస్‌ల నడక పదహారో వంతే. త్రికాలం పాడేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది, కాకపోతే ఇక్కడ కాలాలన్నీ ఒకేసారి నడుస్తాయి.

ఈ కిటుకు పార్ట్ కనిపెట్టింది కాదు. 15వ శతాబ్దంలో ఓకెగెమ్ అనే స్వరకర్త ఒకే రాగవరసను రెండేసి గొంతులకు వేర్వేరు వేగాల్లో ఇచ్చి ఒక మాస్ (చర్చి ఆరాధనలో పాడే సంగీతం) దాదాపు అంతా కట్టాడు. వినడం మాత్రం పార్ట్‌తోనే మొదలుపెట్టండి. ఓకెగెమ్‌లో ఆ లెక్క చెవికి సులువుగా దొరకదు.