నాకేమీ కాలేదు, మరి నన్నెందుకు అడుగుతున్నారు?

ప్రశ్న: మా సంఘం సభ్యులమంతా కలిసి మధ్యాహ్నం భోంచేశాం. రాత్రి 11 దాటాక చాలామందికి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ మాంసం కూరదే తప్పంటున్నారు. నేనూ తిన్నాను, బాగానే ఉన్నాను. అయినా ఆరోగ్య సిబ్బంది ఫోన్ చేసి ఏమేం తిన్నారని అడుగుతున్నారు. ఎందుకు? మిగిలిన కూర మా ఫ్రిజ్‌లో ఉంది. పారేయాలా?
– ఒక పాఠకుడు

జవాబు: దయచేసి పారేయకండి. గట్టిగా మూతపెట్టి, ‘తినొద్దు’ అని రాసి, సిబ్బంది వచ్చేదాకా ఫ్రిజ్‌లోనే విడిగా ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. కొన్ని బ్యాక్టీరియా ఆ చలికి చనిపోయి పరీక్షకు అందవు.

ఇక మీ సంగతి. జబ్బుపడనివాళ్లు తామేం తిన్నారో చెప్పకపోతే ఈ దర్యాప్తు ముందుకు సాగదు. 1940లో అమెరికాలోని ఆస్వీగో కౌంటీలో ఒక చర్చి విందుకు వెళ్లిన 75 మందిని వాకబు చేస్తే 46 మంది జబ్బుపడ్డట్టు తేలింది. వాళ్లలో 29 మంది పంది మాంసం తిన్నారు. అంతవరకే చూస్తే నింద దానిమీదే పడేది. కానీ అది ముట్టని 29 మందిలోనూ 17 మందికి జబ్బు చేసింది. అదే వెనీలా ఐస్‌క్రీమ్ తిన్న 54 మందిలో 43 మంది పడకేస్తే, తిననివాళ్లు 21 మందిలో ముగ్గురే. బాగున్నవాళ్లను కూడా అడిగారు కాబట్టే ఈ తేడా బయటపడింది.

టైమ్ కూడా చాలా చెబుతుంది. తిన్న రెండు, నాలుగు గంటలకే వాంతులైతే మేం ముందు స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా విషాన్ని అనుమానిస్తాం. మీ వాళ్లకు భోంచేసిన పది గంటల తర్వాత మొదలైంది. జ్వరం, వాంతులు పెద్దగా లేకపోతే క్లాస్ట్రిడియం పర్ఫ్రింజెన్స్ అనే మరో బ్యాక్టీరియా కావచ్చు. పెద్ద గిన్నెలో వండింది దించి అలాగే వదిలేస్తే, పైన చల్లారినా నడిమధ్య గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉంటుంది. ఉడికినా చావని దీని బీజాలు అక్కడే మొలకెత్తి పెరుగుతాయి. అయితే పరీక్షల్లో తేలేవరకు ఇది అనుమానమే.

ఒక్క మాట మనసులో పెట్టుకోండి. వండినవాళ్లను దోషుల్లా నిలబెట్టొద్దు. కూర ఎన్నింటికి దించారో, ఎన్నింటికి వడ్డించారో వాళ్లకే తెలుసు. భయపడితే చెప్పరు.

జబ్బుపడ్డవాళ్లకు ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. విరేచనంలో రక్తం, తీవ్రమైన జ్వరం, మూత్రం తగ్గడం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్ల విషయంలో అంతదాకా ఆగొద్దు. సొంతంగా యాంటీబయాటిక్స్ వాడొద్దు. డాక్టర్ రాసినా, మొదటి మాత్రకు ముందే మలం శాంపిల్ ఇవ్వమనండి.