ఫ్రేము విప్పి పడుకో

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి బుజ్జికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళ సంగతి అడగకు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. కరెంటు బిల్లు దగ్గర్నుంచి కాకరకాయల ధర దాకా అన్నీ మాట్లాడి, పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "అక్కా, అది ఉద్యోగం మానేస్తుందట. ఇంట్లో కూర్చుని కుట్లు కుట్టి అమ్ముతుందట" అన్నాడు. ఎవరో పోయారని చెప్పినట్టు చెప్పాడు. నేను "ఆఁ, చూద్దాంలేరా" అని పెట్టేశాను. ఈలోగా పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పొయ్యి తుడుస్తుంటే ఒకటే నవ్వు, ఆ వెనకే దడ. మనింట్లో సూది పట్టేది నాతోనే ఆఖరనుకున్నాను. నువ్వెప్పుడు నేర్చుకున్నావే? గుంటూరుకీ బెజవాడకీ మధ్య గంట ప్రయాణం, నాకొక్క మాట చెప్పాలనిపించలేదా? సరే, ఆ అలక నువ్వొచ్చినప్పుడు తీర్చుకుంటాను.

ఫోన్లో చెబితే "సరే అత్తయ్యా, సరే సరే" అంటావు, ఒక్కటీ చెవికెక్కదు. అందుకని కాగితం తీశాను.

ముందు తేలికవి చెప్పేస్తాను. గుడ్డ కోసే కత్తెరతో కాగితం కోయకు. కొత్త నూలు గుడ్డను తడిపి ఆరేశాకే దాని మీద గీత గీయి. ముదురు రంగు దారమైతే కొంచెం తెంపి తడిపి, తెల్లగుడ్డ మడతలో పెట్టి ఇస్త్రీ చెయ్యి, రంగు అంటుకుంటే ఆ దారం ఎవరి చీరకీ వాడకు. అంకర్ కంపెనీ దారపు చుట్టలో ఆరు పోగులుంటాయి, ఒక్కో పోగే లాగు. దారం మూరెడు మించి తెంపకు. బారెడు తెంపితే మాటిమాటికీ సూదికి ఎక్కించే పని తప్పుతుందనుకుంటాం. అది గుడ్డలోంచి అన్నిసార్లు వెళ్ళొచ్చి చివరికొచ్చేసరికి పీచు లేస్తుంది, కుట్టు మెరుపు పోతుంది. సగం డబ్బు ముందే తీసుకో. చుట్టాలకి అరువు లేదు. నాకు కూడా లేదు. గుడ్డకి వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్ళు, మధ్యాహ్నం వెళ్ళు, పొద్దున పెద్ద బేరాల వాళ్ళుంటారు, నీ రెండు మీటర్లకి తల ఎత్తి చూడరు. మంగళగిరి నూలు దొరికితే వదలకు. అంచున నిజాం బోర్డరు తప్ప ఒంటి మీద నేత డిజైనుండదు కదా, మనం కుట్టుకోవడానికే ఖాళీగా వదిలిపెట్టినట్టుంటుంది.

సూదుల సంగతి మాత్రం అంత తేలిగ్గా వదలను. రాత్రి పని ఆపేటప్పుడు లెక్కపెట్టుకో. ఎన్ని తీశావో అన్నీ దిండుకి గుచ్చి ఉండాలి. ఒకటి తగ్గితే దొరికేదాకా పడుకోకు. చీపురుతో ఊడిస్తే సందుల్లోకి పోతుంది, అయస్కాంతం తిప్పు. నవ్వకు. నాకు పన్నెండేళ్ళప్పుడు బళ్ళో కుట్టు క్లాసుకి చేతిరుమాలు కుట్టుకుని రమ్మన్నారు. వసారాలో చాప మీద కూర్చుని కుడుతుంటే అమ్మ పిలిచింది. సూదిని చాప అంచుకి గుచ్చి లేచాను. మీ నాన్నకి అప్పుడు మూడేళ్ళు. వీధిలోంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. సగం సూది మడమలో విరిగిపోయింది. డాక్టరు కోసి తీస్తుంటే నేను తలుపు వెనక నిలబడి చెవులు మూసుకున్నాను. వాడి కుడి మడమ మీద బియ్యపు గింజంత మచ్చ ఉంటుంది, ఎప్పుడైనా చూడు. నువ్వేమో నాన్న జీతం గురించి భయపడుతున్నాడనుకుంటున్నావు. అదీ ఉందిలే. వాడి గొంతు విన్నప్పుడు నాకు మాత్రం ఆ మడమే గుర్తొచ్చింది.

ఇంకొకటి. గుడ్డలు, దారాలు నేల మీద పెట్టకు, కింది అరలో అసలే పెట్టకు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మనకి తెలిసినావిడ కుట్టు మిషను నీళ్ళలో నానింది. నీళ్ళు తీశాక ఆవిడ ముందు బురద కడగలేదు, బాబిన్ డబ్బా వెతుక్కుంది. నువ్వుండేది మొదటి అంతస్తని నాకు తెలుసు. అయినా పైన పెట్టు.

భయాలు చాలు. నువ్వు నిజంగా కుట్టేదానివే అయితే నీకు కొన్ని సుఖాలు ఇప్పటికే తెలిసి ఉండాలి. డబ్బాలో అడుగున, పారేశాననుకున్న నీలం బొత్తాం దొరకడం. అల్లిక వెనక్కి తిప్పి చూస్తే అది కూడా బాగుండటం. నాకు శుక్లాల ఆపరేషనయ్యాక వచ్చిన కొత్త సుఖం ఇంకోటి ఉంది. దారం మొదటిసారికే బెజ్జంలో దూరిందంటే ఆ పూట కాఫీ రుచే వేరు. పక్కింటమ్మాయికి చెబితే, "దానికేముంది ఆంటీ, సూదికి దారమెక్కించే పరికరం యాభై రూపాయలకి దొరుకుతుంది" అంది. దొరుకుతుందమ్మా, నాకెందుకు?

రంగులు మాత్రం దుకాణంలో నేర్చుకోకు. అక్కడ దారాలకి నంబర్లుంటాయి. మనకి పేర్లున్నాయి: నెమలికంఠం, చిలకపచ్చ, ఉల్లిపొర, కనకాంబరం, మెంతి, గంధం. నంబరు చెబితే దారం వస్తుంది, పేరు తలుచుకుంటే దాని పక్కన ఏ రంగు పెట్టాలో కూడా తోస్తుంది. కనకాంబరం పక్కన ఆకుపచ్చ మరువం పెట్టి దండ కట్టని ఆడపిల్ల ఉందా మన వైపు?

నాకు ఎరుపు నేర్పింది మిరపకాయ. పెళ్ళయిన కొత్తలో, మార్చి నెలలో అనుకుంటా, మీ మామయ్యతో ఒక పల్లెటూరికి వెళ్ళాను. ఆయన ఎవరితోనో మాట్లాడుతుంటే నేను కల్లం గట్టున ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అప్పటిదాకా నాకు ఎరుపంటే ఒక్కటే ఎరుపు. ఆ పూట తీరిగ్గా చూస్తే, ఆ రోజు కోసిన కాయ ఒక రంగు, మెరుస్తోంది. నాలుగు రోజులు ఎండింది ముడతపడి ముదురుగా ఉంది. తొడిమలు ఒకవైపు పచ్చగా, ఇంకోవైపు గడ్డి రంగులో. మధ్యమధ్యలో తాలు కాయలు, రంగు తేలి, పాలిపోయి. అందరూ ఏరి పారేసే ఆ తాలు రంగు పక్కనుండబట్టే ఎర్రకాయ అంత ఎర్రగా కనిపిస్తోందని అప్పుడు తట్టింది. ఇంటికొచ్చి మందారం కుట్టాను. మూడు ఎరుపులు, రేకు చివర మాత్రం తాలు రంగు ఒక్క పోగు. తుమ్ములు మాత్రం రెండు రోజులు తగ్గలేదు.

ఇక ఫ్రేము, గుడ్డ బిగించి కుట్టే ఆ గుండ్రటి చట్రం. ఈ ఉత్తరం దీని కోసమే రాస్తున్నాను, పైవన్నీ మర్చిపోయినా ఏమీ అనను.

1976 ఎండాకాలంలో మా నాన్న పట్నం బజారు నుంచి తెల్లగుడ్డ తెచ్చారు, పెద్ద మంచం దుప్పటికి సరిపోయేంత. పెళ్ళికి చూపించుకోవడానికని అమ్మ ఉద్దేశం. నాకు అదేం లేదు. నాకు నెమలి కుట్టాలని ఉంది. బటర్ పేపరు మీద నెమలిని గీసి, గీత వెంబడి సూదితో చిన్న చిన్న బెజ్జాలు పొడిచి, కిరసనాయిల్లో నీలిమందు కలిపి గుడ్డముక్కతో రుద్దాను. కాగితం ఎత్తితే కింద నీలపు చుక్కల నెమలి. ఆ కిరసనాయిలు వాసన ఇప్పటికీ నాకు అత్తరే. చుట్టూ సన్నజాజి తీగ. తీగకి కాడ కుట్టు, మొగ్గలకి ముడి కుట్టు. రెండు వైపుల తీగ అయిపోయింది, నెమలి మెడ సగానికొచ్చింది. 1977లో పెళ్ళయింది. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడే. దుప్పటిని ఫ్రేముతో సహా మడిచి ట్రంకు పెట్టెలో పెట్టుకుని అత్తారింటికి వచ్చాను. సూది నెమలి మెడకే గుచ్చి ఉంది. వెళ్ళాక మళ్ళీ మొదలుపెడతాను కదా, తీయడమెందుకనుకున్నాను.

వెళ్ళిన నెలకి పక్క వాటాలో ఆవిడ ఫాల్ కుట్టి పెట్టమంది. రెండు రూపాయలిచ్చింది. తర్వాత ఆవిడ చెల్లెలు, తర్వాత లైనంతా. జాకెట్లకి హుక్కులు, కాజాలు, పిల్లల గౌన్లు, పండగలకైతే రాత్రి పన్నెండు దాకా. ఆ డబ్బు తక్కువదని నేను అనను. మీ బావ స్కూలు ఫీజులు అందులోంచే కట్టాను. మా ఇంటికి మిక్సీ అందులోంచే వచ్చింది. చేతిలో రోజంతా సూదే ఉంది కాబట్టి నా పని నేను చేసుకుంటున్నాననే అనుకున్నాను. పెట్టె మీద పరుపులు పేర్చాం. పరుపుల మీద పిల్లల పుస్తకాలు.

పదకొండేళ్ళకి, ఇంటికి సున్నం వేయిస్తూ ఆ పెట్టె తెరిచాను. నాఫ్తలీను ఉండలు ఎప్పుడో కరిగిపోయాయి. గుడ్డ విప్పితే ఫ్రేము పట్టుకున్న చోట గుండ్రంగా గోధుమరంగు గీత. ఇనప మర ఉన్న చోట తుప్పు మచ్చ, అర్ధరూపాయి బిళ్ళంత. సూది నెమలి మెడలోనే ఉంది, లాగితే రాలేదు. గట్టిగా లాగితే గుడ్డ చిరిగింది. నిమ్మరసం, ఉప్పు కలిపి రాసి ఎండలో పెట్టాను. మచ్చ కొంత తేలింది, దాంతోపాటు నెమలికంఠం రంగు కూడా తేలింది. నీకెప్పుడైనా తుప్పు మచ్చ పడితే బ్లీచింగ్ మాత్రం తగలనివ్వకు, ఇంకా ముదురుతుంది. గుండ్రటి గీత మూడు ఉతుకులకీ పోలేదు.

ఏడవలేదు. అంత తీరిక లేదు, సంక్రాంతి జాకెట్లు పదకొండున్నాయి. కాకపోతే ఆ పూట ఒకావిడ జాకెట్టు చేతులు తారుమారు చేసి కుట్టాను, ఎడమది కుడికి. పదకొండేళ్ళలో నేను చేసిన మొదటి పొరపాటు అదేనంది ఆవిడ. నేనేమో అప్పుడే పెట్టెలో చూసొచ్చాను, మొదటిది ఏదో.

అందుకే అడుగుతున్నాను, మీ నాన్న అడగనిది. ఆర్డర్లు తీసుకో, రేటు గట్టిగా చెప్పు, నాలా దారం డబ్బులు మాత్రమే లెక్కేసుకోకు, నీ గంటలు కూడా వెయ్యి. మరి ఎవరికీ అమ్మనిది, నీకోసం కుడుతున్నది ఒకటి ఉందా? లేకపోతే మొదలుపెట్టు. చేతిరుమాలంత చాలు. ఉంటే, రాత్రి ఎంత నిద్రొచ్చినా ఫ్రేము విప్పి, సూది తీసి పడుకో. గుడ్డకి ముడత పడదని కుట్టు టీచర్లు చెబుతారు, నిజమే. నేను చూసుకున్నది ఇంకోటి. పొద్దున మళ్ళీ బిగించాలంటే దాన్ని చేత్తో పట్టుకోవాలి. పట్టుకున్నాక రెండు కుట్లయినా వేయకుండా కిందపెట్టలేవు. బిగించి వదిలేసినదాన్ని రేపు చూద్దాంలే అనుకుంటాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో కూడా నేను చేతులకి పౌడరు రాసుకుని పొద్దున్నే ఆ రెండు కుట్లు వేసుకుంటున్నాను. చెమట చేత్తో తెల్లగుడ్డ ముట్టుకోకు, పైన చెప్పడం మర్చిపోయాను.

ఆ దుప్పటిలో పాడవని వైపు కోసి, సన్నజాజి తీగ వచ్చేలా దిండు గలేబు కుట్టాను. నీకు రెండు మూడేళ్ళప్పుడు సెలవలకి వచ్చినప్పుడల్లా ఆ దిండే కావాలని పేచీ పెట్టేదానివి. ముడి కుట్టు మొగ్గల మీద వేలు పెట్టి ఒకటొకటే తడుముకుంటూ పడుకునేదానివి. నాలుగో మొగ్గ దాటేదాకా ఎప్పుడూ మేలుకుని లేవు. నువ్వెప్పుడు నేర్చుకున్నావని ఇందాక అడిగాను కానీ, రాస్తుంటే కొంచెం అనుమానమొస్తోంది.

మీ నాన్న ఆదివారం ఇటు వస్తానన్నాడు. వాడి చేత సంచీ పంపిస్తున్నాను. అందులో గోంగూర పచ్చడి సీసా, నా చిన్న కత్తెర, ఆ పాత ఫ్రేము ఉంటాయి. ఫ్రేముకి ఇత్తడి మర వేయించాను, ఇక తుప్పు పట్టదు. బొత్తాల డాల్డా డబ్బా కూడా పెట్టాను. నీకు కావలసినవి వాడుకో, మీ బావ గౌను తొడుక్కున్న రోజుల బొత్తాలు కూడా ఉన్నాయి అందులో, వాడికి చెప్పకు. అడుగున కాగితంలో చుట్టిన తెల్ల బొత్తాలు నాలుగుంటాయి. అవి మీ మామయ్యవి, వాటిని మాత్రం తీయకు. చొక్కా నా దగ్గరే ఉంది, నువ్వొచ్చినప్పుడు కుట్టి పెడుదువుగాని.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య