పొగ లెక్క రాయబోయే అమ్మాయికి

ఒంగోలు

చిరంజీవి అమ్మడికి,

కొండపి వైపు ఊరి క్లినిక్‌లో చేరావనీ, వీధుల్లో పొగ వాడకం, ఇళ్ళ స్థితిగతులు, ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద ఇంటింటి లెక్క తీయబోతున్నావనీ రాశావు. ఫారం చూశాను. పొగ గురించి అందులో ఒకే ప్రశ్న ఉంది: "పొగ తాగుతారా? అవును, కాదు." ఆ ఒక్క ప్రశ్నతో బయల్దేరితే నెల తిరుగుడంతా దండగ. చుట్ట తాగే ముసలాయన "నాకు సిగరెట్ అలవాటు లేదమ్మా" అంటాడు, నువ్వు "కాదు" అని గీత కొడతావు. దగ్గు ముదిరి పోయిన నెలే బీడీ మానేసినాయన కూడా "తాగను" అంటాడు. ముప్పై ఏళ్ళ పొగ ఒంట్లో ఉన్న మనిషి నీ కాగితంలో ఏనాడూ తాగనివాడై కూర్చుంటాడు. చివరికి లెక్క తీస్తే తాగనివాళ్ళకే జబ్బెక్కువని తేలుతుంది.

అందుకని ప్రశ్నలు ఇలా మార్చు. బీడీ, సిగరెట్, చుట్ట మూడూ విడివిడిగా అడుగు. ఎన్నో ఏట మొదలైంది, ఇప్పుడు రోజుకి ఎన్ని, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు. మానేసినవాళ్ళకి వేరే గడి ఉండాలి. ఏనాడూ తాగనివాళ్ళ గడిలో వాళ్ళని కలపొద్దు. నశ్యం, ఖైనీ, గుట్కా ఇంకో గడిలో రాయి. అవి ముఖ్యంగా నోటికి ముప్పు తెస్తాయి, వాటిని పొగతో కలిపేస్తే రెండు లెక్కలూ చెడతాయి.

"తాగుతారా" అని అడిగితే తప్పు పట్టడానికి వచ్చినట్టు ఉంటుంది. "మామా, కట్ట ఎన్ని రోజులు వస్తుంది?" అని అడుగు, నిజం దానంతటదే బయటపడుతుంది. కట్టలో ఎన్ని బీడీలన్నది రకాన్ని బట్టి మారుతుంది, జేబులో ఉన్న కట్ట తీయించి లెక్కపెట్టు. ఆడవాళ్ళని కొడుకూ కోడలూ ఎదురుగా ఉండగా అడగొద్దు. మగవాళ్ళని పొగాకును బ్యారన్‌లో (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టంలో) కాల్చే రోజుల్లో పట్టుకోవడం కష్టం. రాత్రింబవళ్ళు బ్యారన్ దగ్గరే ఉంటారు, ఇంటికి అన్నానికే వస్తారు. ఆ రోజుల్లో నువ్వే బ్యారన్ దగ్గరికి వెళ్ళు. అక్కడ మాట కూడా తేలిగ్గా సాగుతుంది.

లెక్క కట్టే పద్ధతి సులువు. రోజుకి ఎన్ని, ఎన్నేళ్ళు, రెండూ గుణించు. రోజుకి పాతిక బీడీలు ముప్పై ఏళ్ళు తాగితే 750. వంద లోపు తక్కువ, మూడొందలు దాటితే ఎక్కువ అని మన దేశంలో వైద్యులు వాడే కొలత. బీడీని సిగరెట్‌లోకి మార్చే ప్రయత్నం చేయకు. బీడీలో పొగాకు తక్కువ కదా, హాని కూడా తక్కువేనని చాలామంది నమ్ముతారు. కానీ బీడీ చుట్టే తునికాకు గుండా గాలి సరిగా ఆడదు. ఆరిపోకుండా ఉండాలంటే గబగబా, గట్టిగా పీల్చాలి. అందువల్ల తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే తక్కువేమీ లోపలికి పోవు, ఎక్కువే పోతాయి. ఈ మాట ప్రతి గుమ్మం ముందూ చెప్పు.

ఇళ్ళలోకి వెళ్ళే ముందు ఒక పూట వీధి అంతా నడిచి పటం గీసుకో. బడ్డీ కొట్లు, టీ అంగళ్ళు, బస్సు ఆగే చోటు, రచ్చబండ, బడి. బడి ప్రహరీ నుంచి కొట్టు దాకా టేపుతో కొలువు. వంద గజాలంటే మూడొందల అడుగులు, ఆ లోపల పొగాకు సరుకు అమ్మకూడదని 2003 నాటి చట్టం. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి ఎక్కడా అమ్మకూడదు. కొట్టులో విడిగా ఒక్కో సిగరెట్, నాలుగేసి బీడీలు అమ్ముతున్నారా అన్నది తప్పకుండా రాయి. పెట్టె కొనేవాడికి 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ, మానేందుకు ఫోన్ నంబరు కనిపిస్తాయి. విడిగా కొనేవాడి కంట అవేవీ పడవు. కూలి డబ్బు చేతికొచ్చిన పూట ఒకటి రెండు కొనుక్కునేది ఎవరో నీకు తెలుసు. చట్టం రాసిన బొమ్మ పేదవాడి దాకా చేరకుండా పోయే చోటు ఆ కొట్టు బల్లే.

ఇక స్థితిగతులు. ఆదాయం ఎంతని నేరుగా అడిగితే ఎవరూ సరిగా చెప్పరు. సొంత బ్యారన్ ఉందా, కౌలు చేస్తున్నారా, గ్రేడింగ్ (ఆకుని రకాలుగా వేరుచేసే) కూలికి పోతున్నారా అని అడుగు. మన ప్రాంతంలో ఆ మూడు మెట్లే సగం సంగతి చెప్పేస్తాయి. ఇంటి కప్పు, ఇంట్లో పెద్ద చదువు ఎవరిది, ఏ తరగతి దాకా, నెలలో ఎన్ని రోజులు కూలి దొరుకుతుంది, ఇవి చాలు. చదువు ఒక్కటి వదిలినా లెక్క కుంటుపడుతుంది. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో దేశంలోని పెద్దవాళ్ళలో 28.6 శాతం మంది ఏదో రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. చదువు పెరిగేకొద్దీ ఆ వాడకం తగ్గింది. సిగరెట్ కంటే బీడీ తాగేవాళ్ళే ఎక్కువని కూడా ఆ సర్వే చెప్పింది.

అయితే పేదవాడి ఊపిరితిత్తిని బీడీ ఒక్కటే పాడు చేయదు. లండన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో కింది మెట్టు ఉద్యోగులు ఎక్కువగా పొగ తాగేవారు, ఎక్కువగా చనిపోయేవారు. పొగను లెక్క కట్టి పక్కన పెట్టినా మెట్ల మధ్య తేడా పూర్తిగా చెరగలేదు. మన దగ్గర ఆ మిగిలిన తేడా ఎక్కడుందో వెతకాలంటే పని గురించి అడగాలి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్, కటింగ్. మార్కాపురం పలకల గనులు. గూడూరు వైపు పలుగురాయి మరపట్టే మిల్లులు. ఈ దుమ్ములో ఉండే సిలికాని 1997లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో, అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తాయని రుజువైన పదార్థాల్లో చేర్చింది. ముక్కుకి తువ్వాలు చుట్టుకుంటే కంటికి కనిపించే దుమ్ము ఆగుతుంది. ఊపిరితిత్తి అడుగుదాకా పోయేది కంటికి కనిపించని దుమ్ము, దాన్ని గుడ్డ ఆపలేదు. నీళ్ళు పోస్తూ డ్రిల్ చేస్తున్నారా, పొడిగానే చేస్తున్నారా అన్నది ఒక ప్రశ్నగా పెట్టు. క్వారీలో ఎన్నేళ్ళు, ఏ పని, రెండూ రాయి. అక్కడ పదిహేనేళ్ళు చేసి, బీడీ కూడా తాగే మనిషి పేరు పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకో.

పొగాకు కూలీల సంగతి వేరు. తడి ఆకు కొట్టేటప్పుడు, కర్రలకు కట్టేటప్పుడు నికోటిన్ చర్మం గుండా ఎక్కి కళ్ళు తిరగడం, వాంతులు వస్తాయి. అది క్యాన్సర్ కాదు, అలా భయపెట్టొద్దు. పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకోమను, పని కాగానే సబ్బుతో కడుక్కోమను. ఇంకో మాట: పంటను తిట్టొద్దు. ఒంగోలు, టంగుటూరు, కందుకూరు వేలం కేంద్రాల్లో బేళ్ళు అమ్ముడైతేనే ఆ ఇళ్ళలో పిల్లల ఫీజులు కట్టేది. పంట జోలికి వెళ్ళిన రోజున నీకు ఆ వీధిలో తలుపు తెరవరు.

వంటింటిని వదిలేయకు. గ్యాస్ ఉందా అంటే అందరూ ఉందనే అంటారు. సిలిండర్ ఎన్నాళ్ళు వస్తోందని అడుగు. నలుగురున్న ఇంట్లో అన్ని వంటలూ దాని మీదే అయితే నెలా నెలన్నరకి అయిపోవాలి. నాలుగు నెలలు వస్తోందంటే కట్టెల పొయ్యి వెలుగుతున్నట్టే. పొయ్యిలో కట్టెలా, కంపా, పొగాకు కాడలా. వంట గదికి కిటికీ ఉందా. ఆమె రోజుకి ఎన్ని గంటలు అక్కడ కూర్చుంటుంది, ఇవన్నీ రాయి. ఇంట్లో ఎవరు ఎక్కడ తాగుతారో కూడా అడుగు. జపాన్‌లో హిరయామా 1981లో ప్రచురించిన పరిశీలనలో, తాము తాగకపోయినా బాగా పొగ తాగే భర్తలున్న భార్యలకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వచ్చింది. ఒకే గది ఇంట్లో పక్క గదికి వెళ్ళి తాగమని చెప్పడానికి పక్క గది ఉండదు. వీధి అరుగు మీదికి పంపడమే దారి, ఆ అరుగుకి ఆనుకుని ఉయ్యాల లేకుండా చూడు.

లెక్కలు కూడే దగ్గర చాలామంది పొరపడతారు, జాగ్రత్త. మన దేశంలో ఏడాదికి లక్ష మందిలో సుమారు ఆరుగురికి కొత్తగా ఈ క్యాన్సర్ వస్తుంది. మూడు వేల జనాభా ఉన్న ఊళ్ళో అయిదారేళ్ళకి ఒకటి. కాబట్టి ఒక వీధిలో ఇద్దరికి వచ్చిందని ఆ వీధిని వేలెత్తి చూపొద్దు, ఏ వీధిలోనూ రాలేదని నిశ్చింతగానూ ఉండొద్దు. ఊరి లెక్కతో క్యాన్సర్ కారణం తేల్చలేవు. ముప్పు ఎక్కడ పేరుకుందో మాత్రం తేల్చగలవు, నీకు కావలసింది అదే. ఇవాళ్టి జబ్బు ఇరవై, ముప్పై ఏళ్ళ కిందటి పొగ ఫలం. ఇవాళ కొట్లు తగ్గాయి కదా, జబ్బు ఎందుకు తగ్గలేదని అడిగేవాళ్ళకి ఇదే జవాబు. పోయినవాళ్ళు నీ ఫారంలో ఉండరు, వాళ్ళ కోసం కూడా ఒక గడి పెట్టు. గత అయిదేళ్ళలో ఆ ఇంట్లో నలభై దాటినవాళ్ళు దగ్గుతో, చిక్కిపోయి పోయారా? టీబీ అన్నారా? కళ్ళెలో క్రిమి కనిపించిందని చెప్పే కాగితం ఉందా?

ఈ చివరి ప్రశ్న కోసమే ఇంత రాస్తున్నాను. ప్రభుత్వం చేయించే ఇంటింటి సర్వేలో క్యాన్సర్ కోసం చూసేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ఊపిరితిత్తి అందులో లేదు. అమెరికాలో 2011లో వెలువడిన పెద్ద పరీక్షలో బాగా పొగ తాగినవాళ్ళకి ఏటా తక్కువ మోతాదు సీటీ స్కాన్ తీస్తే, ఎక్స్‌రే తీసినవాళ్ళతో పోలిస్తే ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. ఆ ఏర్పాటు మన పల్లెల్లో లేదు. మనకున్నది దగ్గు ఒక్కటే. దగ్గు రాగానే మన దగ్గర ముందు గుర్తొచ్చేది టీబీ. రావాలి కూడా. రెండు వారాలు దాటితే కళ్ళె పరీక్ష ఉచితం. పొద్దున్నే లేచి, నోరు పుక్కిలించి, లోపలి నుంచి దగ్గి తీసిన కళ్ళె కావాలి, ఉమ్మి పనికిరాదు. కళ్ళెలో క్రిమి కనబడితే టీబీ మందు పూర్తిగా వాడాలి. కనబడకపోయినా ఎక్స్‌రేలో మచ్చ చూసి మందులు మొదలుపెట్టిన మనిషి మీద నీ కన్ను ఉండాలి. వయసు నలభై దాటి, పైన చెప్పిన పొగ లెక్క మూడొందలు దాటి, రెండు నెలల మందు తర్వాత కూడా దగ్గు తగ్గక, బరువు పెరగక, ఎక్స్‌రేలో మచ్చ అలాగే ఉంటే సీటీ కావాలి. "ఇంకో నెల చూద్దాం" అనేవాళ్ళ మాట వినకు. పేదవాడికి జబ్బు ఆఖరి దశలో బయటపడేది సరిగ్గా ఈ నెలల్లోనే.

వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు: కళ్ళెలో రక్తపు చార, ఎన్నేళ్ళ నాటి దగ్గు తీరు మారడం, మూడు వారాలైనా వదలని గొంతు బొంగురు, భుజం నుంచి చేతిలోకి దిగే నొప్పి, ముఖం మెడ ఉబ్బడం, గోళ్ళు చిలుక ముక్కులా వంగడం, ఒకే చోట మళ్ళీ మళ్ళీ నిమోనియా. ఎక్స్‌రే బాగానే ఉందన్నా ఈ గుర్తులుంటే వదలకు, ఎక్స్‌రేకి అందని గడ్డలు ఉంటాయి. పొగ అంటని ఆడమనిషి కదా అని కూడా వదలొద్దు.

పంపేటప్పుడు ఒంగోలు పెద్దాసుపత్రికో నెల్లూరు పెద్దాసుపత్రికో ఒట్టి చీటీతో పంపొద్దు. పాత ఎక్స్‌రేలన్నీ తేదీల వరసలో పెట్టి, కళ్ళె రిపోర్టు, ఆధార్, బియ్యం కార్డు ఒకే సంచిలో పెట్టించు. పాత ఎక్స్‌రే పక్కన కొత్తది పెట్టి చూస్తే డాక్టరుకి సగం పని అయిపోయినట్టే. ముక్క పరీక్ష (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ) లేకుండా ఎన్టీఆర్ వైద్యసేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కింద క్యాన్సర్ చికిత్సకి అనుమతి రాదు. "ముక్క తీస్తే జబ్బు పాకుతుంది" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. బయల్దేరకముందే వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడు. ఆసుపత్రిలో ఆ పథకం కింద రోగులకి సాయం చేసే ఉద్యోగి ఎక్కడ కూర్చుంటారో ముందే చెప్పి పంపు. తోడు వెళ్ళేవాడికి కూడా ఆ పూట కూలి పోతుంది, కాబట్టి రెండు పరీక్షలు ఒకే ప్రయాణంలో అయ్యేలా ఫోన్ చేసి కనుక్కో.

మానాలనుకునేవాళ్ళకి ఒక రోజు పెట్టు. జాతరో పెళ్ళో ఉన్న వారం వద్దు. మొదటి మూడు రోజులు కష్టం, రెండు మూడు వారాలకి తగ్గుతుంది. తాగాలనే తపన వచ్చిన ప్రతిసారీ అయిదు నిమిషాలు ఓర్చుకుంటే దాటిపోతుంది. ఆ అయిదు నిమిషాలకి నీళ్ళు, వేయించిన శనగలు, సోంపు జేబులో ఉంచుకోమను. లేచిన అరగంటలోపే మొదటిది ముట్టించేవాడికి నికోటిన్ గమ్ కావాలి, మోతాదు డాక్టరుని అడుగు. మామూలు గమ్‌లా నమలకూడదు. మెల్లగా నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గలో దాచుకోవాలి, మళ్ళీ కాసేపటికి నమలాలి. టీ తాగిన వెంటనే వేసుకుంటే పనిచేయదు. సలహాకి ఉచిత నంబరు 1800-11-2356, ఫారం అడుగున పెద్ద అక్షరాలతో అచ్చు వేయించు. "ఈ వయసులో మానితే ఏం లాభం" అనే అరవై ఏళ్ళాయనకి బ్రిటిష్ డాక్టర్లని 1951 నుంచి యాభై ఏళ్ళు గమనించిన లెక్క చెప్పు: అరవైలో మానినా దాదాపు మూడేళ్ళ ఆయుష్షు కలిసొస్తుంది, నలభైలో మానితే తొమ్మిది.

ఒక్కణ్ణే మాన్పించాలని చూడకు. పొద్దున టీ దగ్గర కలిసి తాగే నలుగురినీ ఒకే రోజున మాన్పించు. ఒకడు మాని ముగ్గురు తాగుతుంటే ఆ బల్ల దగ్గరే వారం తిరక్కుండా మళ్ళీ మొదలుపెడతాడు.

ముందు రెండు వీధులే తీసుకో, ఒకటి బ్యారన్లున్నవాళ్ళది, ఒకటి కూలీలది. ఒక్కోదానిలో ముప్పై ఇళ్ళు. కొత్త ఫారంతో అవి పూర్తయ్యాక కాగితాలు నాకు పంపు, మానేసినవాళ్ళ గడి నింపావో లేదో మొదట అదే చూస్తాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న