మీ నాన్నగారు ఆ రెండో మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నారు?

మీ ప్రశ్న చదవగానే మూడేళ్ల కిందటి మా ఇల్లు గుర్తొచ్చింది. దేవరకొండ దగ్గర ఉంటున్న మీ నాన్నగారు గుండెనొప్పికి చాలా కాలంగా ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ మాత్రలు రోజుకు రెండు వేసుకుంటున్నారు. మొదట్లో హాయిగా ఉంది, ఇప్పుడు బత్తాయి తోటలో కాస్త దూరం నడిచినా ఛాతీ పట్టేస్తోంది. మందు ఒంటికి అలవాటు పడిందా, డోసు పెంచమని అడగాలా అన్నది మీ సందేహం. ఆ రెండు మాత్రలు ఏ ఏ వేళలకో మాత్రం మీరు రాయలేదు. నేనైతే ముందు అదే అడుగుతాను.

మాది నల్లగొండ పక్కన పానగల్లు. అమ్మకు డాక్టరు ఇదే మందు ఇరవై మిల్లీగ్రాములది, ఉదయం ఎనిమిదికి ఒకటి, మధ్యాహ్నం మూడుకు ఒకటి రాశారు. మొదటి వారం తల పగిలిపోతోందని అమ్మ కొంగు బిగించి కట్టుకుని పడుకునేది. ఆ తర్వాత తలనొప్పి తగ్గింది, ఛాతీలో బరువూ తగ్గింది. పొద్దున్నే ఉదయసముద్రం కట్ట దాకా వెళ్లి వచ్చేది. అంతా బాగున్నప్పుడు నేను ఒక పొరపాటు చేశాను. మధ్యాహ్నం మూడు దాటితే మర్నాడు ఎనిమిది దాకా పదిహేడు గంటలు మాత్ర లేకుండా ఎలా అని భయపడి, రెండో మాత్రను రాత్రి ఎనిమిదికి మార్చాను. ఎవరినీ అడగలేదు. కొద్ది రోజులకే అమ్మ కట్ట ఎక్కలేక మధ్యలో వేపచెట్టు కింద ఆగిపోయింది. కుడి పిడికిలి ఛాతీకి అదిమి పట్టుకుని, మాట్లాడకుండా నిలబడి ఉంది. ఆ పిడికిలి నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

డోసు పెంచుతారనుకుంటూ గుండె డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన మందుచీటీ వెనక్కి తిప్పి ఒక పొడవాటి గీత గీశారు. ఆ గీతే ఇరవై నాలుగు గంటలు. ఎనిమిదికి, మూడుకు చుక్కలు పెట్టి, మందు ప్రభావం ఉండే భాగాన్ని పెన్నుతో నలుపు చేశారు. రాత్రి పొద్దుపోయాక తెల్లవారే దాకా తెల్లగా మిగిలింది. “ఈ ఖాళీ నేను కావాలనే వదిలాను, మీరు పూడ్చేశారు” అన్నారు.

ఈ మాత్ర నైట్రేట్లు అనే మందుల కోవలోది. నైట్రేట్లు ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తాయి. గుండె మీద భారం తగ్గేది అందువల్లే. కానీ మందు రాత్రింబవళ్లు ఎడతెరిపి లేకుండా ఉంటే, ఒకటి రెండు రోజుల్లోనే నాళాలు దానికి స్పందించడం తగ్గించేస్తాయి. కొన్ని నైట్రేట్లను అలా మార్చే ఎంజైము మందగిస్తుంది, ఒళ్లు నీటిని, ఉప్పును పట్టి ఉంచుకుని ఎదురు తిరుగుతుంది. అప్పుడు ఇంకో మాత్ర కలిపినా పెద్దగా ప్రయోజనం ఉండదు. రోజూ పది పన్నెండు గంటలు మందు లేని విరామం ఇస్తే స్పందన మళ్లీ వస్తుంది. 1879లోనే విలియం మరెల్ అనే ఇంగ్లండు వైద్యుడు గుండెనొప్పికి ఇదే కోవలోని నైట్రోగ్లిసరిన్ వాడి రాశారు. అదే పదార్థంతో డైనమైట్ చేసే కర్మాగారాల్లో కార్మికులకు సోమవారం తలనొప్పి వచ్చి, వారం గడిచేకొద్దీ తగ్గేదట. ఆదివారం సెలవుతో ఒంటికి పడిన అలవాటు పోయి, సోమవారం మళ్లీ మొదలయ్యేది. ఒక్కరోజు విరామానికి ఎంత బలముందో అక్కడే కనిపిస్తుంది. అయితే తలనొప్పి తగ్గితే గుండెకు కూడా మందు పనిచేయడం లేదని అర్థం కాదు, ఆ రెండింటినీ కలపకండి.

అమ్మ మాత్ర వేళలు మళ్లీ ఎనిమిది, మూడుకు మార్చారు. రాత్రి విరామంలో కాపు కాయడానికి, గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ అనే మరో మందు డోసు సరిచేశారు. వారం తిరక్కుండా అమ్మ పచ్చల సోమేశ్వరాలయం దాకా ఎక్కడా ఆగకుండా నడిచి వెళ్లింది.

మీ నాన్నగారిది నెమ్మదిగా కరిగే, రోజుకు ఒకసారి వేసుకునే రకమైతే దాన్ని రెండు పూటలుగా విరిచి వేయకండి. చర్మానికి అతికించే పట్టీ అయితే రాత్రి తీసేయడం మరచిపోకూడదు. రాత్రి నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్రను దగ్గరే ఉంచండి, కూర్చోబెట్టి ఇవ్వండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పోస్తున్నా 108కి ఫోను చేయండి, తెల్లవారనివ్వకండి. అడగడానికి మొహమాటంగా ఉన్నా ఇంకోటి అడగాలి: అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనాఫిల్, టాడాలాఫిల్ మాత్రలు నైట్రేట్లతో కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. మగవాళ్లు ఇంట్లో చెప్పరు. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడే వీలు ఆయనకు కల్పించండి.

వేళలు సరిగ్గానే ఉన్నా నొప్పి పెరుగుతుంటే అది అలవాటు కాకపోవచ్చు, రక్తనాళం ఇంకా మూసుకుపోతూ ఉండవచ్చు, రక్తహీనత ఉండవచ్చు. అందుకే ఇంట్లో ఏదీ మార్చకండి, మందు హఠాత్తుగా ఆపనే వద్దు, ఆపితే నొప్పి రెట్టింపై రావచ్చు. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వస్తుంటే ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేదంటే ఇప్పుడే ఒక కాగితం మీద మాత్ర వేసిన గంట, నొప్పి వచ్చిన గంట పక్కపక్కనే రాయడం మొదలుపెట్టండి. రెండు మూడు రోజుల్లో డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ కాగితం జేబులో ఉండాలి.